ఉదయగిరిలో రోమన్ చక్రవర్తి గడ్డం

ఉదయగిరికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది కోట చూడటానికి వెళతారు. కొందరు చెక్క గరిటెలు కొనడానికి వెళతారు. నేను ప్రాంప్టింగ్ చెప్పడానికి వెళ్ళాను. అంటే తెర పక్కన నిలబడి, నటుడు డైలాగు మరిచిపోయినప్పుడు అతనికి మాత్రమే వినబడేలా అందించడం. ఆ పని చేసేవాళ్ళు నెల్లూరు జిల్లాలో లేరని కాదు. పెంచలరెడ్డి చేతిరాత చదవగలిగినవాళ్ళు లేరు. ఆ విద్య భూమ్మీద నాకొక్కడికే వచ్చు.

పెంచలరెడ్డీ నేనూ యూనివర్సిటీ హాస్టల్లో రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. ఎం.ఏ. చరిత్ర. అతను క్లాసులకు వెళ్ళేవాడు, నేను అతని నోట్సు చూసి రాసుకునేవాడిని. తర్వాత అతను ఆత్మకూరు చుట్టుపక్కల కాలేజీల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. నేను గోదావరి జిల్లాలో బ్యాంకు ఉద్యోగం చేసి, చరిత్రను క్షేమంగా మరిచిపోయాను. ఎండలు ముదరకముందు ఒకరోజు ఫోను చేశాడు. "నాటకం పూర్తయిందిరా. ఆదివారం ఉదయగిరిలో ఆడతాండాం. నువ్వు గురువారానికంతా రావాల" అన్నాడు. ఆ నాటకం అతను పద్దెనిమిదేళ్ళుగా రాస్తున్నాడు. పూర్తవుతుందని అతని భార్యే నమ్మలేదు.

నాటకం జూలియన్ గురించి. ఈయన చివరి కాలపు రోమన్ చక్రవర్తుల్లో ఒకడు. ఈయన పెదనాన్న క్రైస్తవాన్ని నెత్తిన పెట్టుకున్న తొలి చక్రవర్తి. కుర్రవాణ్ణీ ఆ మతంలోనే పెంచారు. అతను మాత్రం గ్రీకు తత్వశాస్త్రం చదువుకుని, లోపల్లోపలే పాత దేవుళ్ళ వైపు తిరిగి, గద్దె ఎక్కాక సంగతి బయటపెట్టాడు. మూతబడ్డ గుళ్ళు తెరిపించాడు, ఎడ్లను బలులిచ్చాడు, జనాన్ని మళ్ళీ అపోలో దగ్గరికి రమ్మన్నాడు. జనం "చూద్దాంలెండి" అన్నట్టు ఊరుకున్నారు. రెండేళ్ళు నిండకుండానే పర్షియా యుద్ధంలో ఈటె దెబ్బకు పోయాడు.

ఆయనకు ఒక గడ్డం ఉండేది. చక్రవర్తులంతా నున్నగా గీయించుకునే రోజుల్లో ఈయన తత్వవేత్తల్లాగా పెంచాడు. అంతియొకయ నగరంలో దాన్ని మేకగడ్డమని ఎగతాళి చేశారు. చక్రవర్తి గదా, తలలు తీయించవచ్చు. ఈయన తన గడ్డాన్ని తనే వెక్కిరించుకుంటూ ఒక వ్యాసం రాసి ఊరి నడిబొడ్డున పెట్టించాడు. పెంచలరెడ్డి ఆయన్ని ప్రేమించింది ఇందుకే. మతం సంగతి అతనికి పెద్దగా పట్టదు. "చేతిలో కత్తి ఉండి కూడా కలం తీసినాడురా" అంటాడు.

ఆత్మకూరు: రవణమ్మ ఒక మాట చెప్పింది

నెల్లూరు నుంచి ఆత్మకూరు బస్సులో నా పక్కన ఒక పెద్దాయన నిమ్మకాయల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏ ఊరు, ఎవరింటికి, ఏం పని అని వరసగా అడిగాడు. మా వైపు కూడా ఇవే అడుగుతారు. కాకపోతే ముందు కాఫీ తాగారా అని మొదలుపెట్టి, ఊరంతా తిప్పి అక్కడికి తీసుకొస్తారు. నాటకానికి వెళుతున్నానని చెప్పాను.

"ఏం నాటకం?"

"రోమ్ రాజు కథండి."

కాసేపు ఆలోచించాడు. "యుద్ధం ఉండాదా?"

"ఉంది."

"పద్యాలు?"

"నాలుగున్నాయట."

"అయితే ఎవురి కథయితే ఏందిలే" అని రెండు నిమ్మకాయలు నా చేతిలో పెట్టి సంగంలో దిగిపోయాడు. పెంచలరెడ్డి నాటకానికి ఇంతకంటే మంచి సమీక్ష ఆ తర్వాత కూడా రాలేదు.

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా హోటల్లో పెంచలరెడ్డి నాకు కారం దోశ తెప్పించాడు. నలభై రూపాయలు. మా వైపు పచ్చడి దోశ పక్కన మర్యాదగా కూర్చుంటుంది. ఇక్కడ కారం దోశ లోపలే పరుచుకుని ఉంటుంది, మొదటి ముక్కకు తన సంగతి చెప్పదు. మూడో ముక్కకు నాకు ఇద్దరు పెంచలరెడ్లు కనిపించారు. ఇద్దరూ "నెయ్యి ఏపించుకో" అన్నారు. ఈ ఊళ్ళో నెయ్యి వేసేది రుచి కోసం అనుకున్నాను. కాదు, ప్రథమ చికిత్స.

ఇంటికి వెళ్ళేసరికి వసారాలో జూలియన్ మజ్జిగ తాగుతూ కూర్చుని ఉన్నాడు. అసలు పేరు మస్తానయ్య. దర్గా మొక్కుకు పుట్టాడని ఆ పేరు పెట్టారు. మర్రిపాడు మెట్టలో గొర్రెలు కాస్తాడు, సొంత మంద. తీరిక దొరికినప్పుడల్లా పౌరాణిక నాటకాల్లో భీముడూ దుర్యోధనుడూ వేస్తాడు. వయసు నలభై అయిదు. జూలియన్ పోయేనాటికి ముప్పై ఒకటో రెండో. "రోమ్ నించి మనకి దూరం చానా ఉండాది గదా, ఈ తేడా ఆనదు" అన్నాడు పెంచలరెడ్డి. గడ్డం మాత్రం దివ్యంగా ఉంది. ఎనిమిది నెలలు పెంచిన నల్లటి గడ్డం, రొమ్ము దాకా. పెంచలరెడ్డి దాన్ని చూసే చూపులో కాబోయే మామగారి తృప్తి ఉంది.

మస్తానయ్య పక్కన అతని భార్య రవణమ్మ కూర్చుంది. మాటలో మాటగా ఆమె అడిగింది.

"సార్, రేపు రియార్సల్ ఎన్నింటికి?"

"నాలుగింటికి."

"సరే అయితే. పొద్దన్నే ఏఎస్ పేట దర్గాకి పోయి గుండు కొట్టించకొచ్చేస్తాం."

"ఎవురికి?"

"ఎవురికేంది సార్, ఈనకే."

పెంచలరెడ్డి గ్లాసు కింద పెట్టాడు. "గుండంటే... తల వరకే గదమ్మా?"

"తల, మీసం, గడ్డం. పోయిన సంవత్సరం కామెర్లొచ్చి మనిషి పసుపుముద్దయినాడే, అప్పుడు మొక్కుకున్న్యా. బతికితే ఎంట్రుకన్నది ఉంచనని."

ఈ ఆచారం మా వైపూ ఉంది. మొక్కేది ఒకరు, చలివేసేది ఇంకొకరికి. ఆ ఇంకొకరిని సంప్రదించే పద్ధతి ఎక్కడా లేదు.

పెంచలరెడ్డి సోమవారం చేయించకూడదా అన్నాడు. సోమవారం తెల్లవారకముందే మంద కదులుతుందని ఆమె చెప్పింది. ప్రతి ఏడూ కోతలయ్యాక గొర్రెలను డెల్టా వైపు తోలుకుపోయి మళ్ళల్లో కడతారు. రైతుకు ఎరువు, గొర్రెకు మేత. మళ్ళీ వానలకే తిరిగి రావడం. అంతకాలం మొక్కు నిలబెట్టి ఉంచదు ఆమె.

"రెండుతూర్లు వాయిదా ఏసినా సార్. ఒకతూరి భీముడి మీసమని, ఒకతూరి దుర్యోధనుడని. ఆ సామి ఏం అనలా. మూడోతూరి ఆయన ఊరుకున్నా నేను ఊరుకోను."

పెంచలరెడ్డి రోమన్ల చెప్పులు ఏ తోలుతో కుట్టేవాళ్ళో వాకబు చేసిన మనిషి. చక్రవర్తి పొద్దున ఏం తినేవాడో, ఏ చేత్తో తినేవాడో తెలుసు. కథానాయకుడి భార్యను మాత్రం ఒక్క మాట అడగలేదు. నాటకాన్ని వానల దాకా ఆపుదామంటే, ఇక అది జరగదని అతనికి గట్టి అనుమానం. పద్దెనిమిదేళ్ళలో అది అలా ఆగడం ఇది మొదటిసారి కాదు. పోనీ గడ్డం లేకుండా ఆడదామంటే రెండో అంకమంతా గడ్డమే. వాళ్ళు వెళ్ళాక నాతో మెల్లగా అన్నాడు.

"గడ్డం లేకపోతే నాటకం లేదురా. నువ్వు ఊరికే వచ్చినావు."

అనుమసముద్రంపేట: ఇచ్చిన వెంట్రుక

శుక్రవారం పొద్దున నలుగురం ఆటోలో బయల్దేరాం. పెంచలరెడ్డి ఎందుకు వస్తున్నాడో చెప్పలేదు. చావు కబురు విన్నవాళ్ళు ఎందుకు వెళతారో అందుకే అనుకుంటాను.

దర్గా వీధి శుక్రవారం నాడు పెళ్ళివారిల్లులా ఉంటుంది. పూల చాదర్లు, అగరొత్తులు, రంగుల బూందీ, ప్లాస్టిక్ కార్లు. బొట్టు పెట్టుకున్నవాళ్ళు సగం, బురఖాలు సగం, సిలువ గొలుసులు అక్కడక్కడా. టీ కొట్టు దగ్గర యజమాని పేరడిగాను. మస్తాన్‌రెడ్డి అన్నాడు. అతని భార్య మేరీ. కొడుకు పెంచల ప్రసాదు. కోడలు ఏ మతమని అడిగితే, "బీఎస్సీ" అన్నాడు.

జూలియన్ ఈ ఊరి ఓటర్ల జాబితా ఒక్కసారి చూసి ఉంటే, ఎవర్ని ఎటు తిప్పాలో తెలియక గద్దె దిగి ఇంటికి పోయేవాడు. ఇక్కడ ఎవరూ ఏ దేవుణ్ణీ వదులుకోలేదు. కొత్తగా ఎవరొచ్చినా కాస్త జరిగి చోటిచ్చారు.

గుండ్లు కొట్టేచోట ముసలి క్షురకుడు మస్తానయ్య గడ్డాన్ని గుప్పిట్లో పట్టి చూసి, "రెండు బ్లేళ్ళు పడతాయి" అన్నాడు. అంటే ఇరవై రూపాయలు అదనం. రవణమ్మ ఒప్పుకుంది. గడ్డం కింద పడటం మొదలుకాగానే పెంచలరెడ్డి అతని పక్కన గొంతుకూర్చున్నాడు.

"పెద్దాయనా, ఆ గడ్డం వరకు నాకిస్తావా?"

"మొక్కిన ఎంట్రుక ఎనక్కిచ్చేది లేదు సామీ. అది ఆయనది."

"కొంచెం."

"కొంచెమైనా ఆయనదే. అయినా మీకెందుకు?"

"గడ్డానికి."

క్షురకుడు నున్నగా గీసుకున్న పెంచలరెడ్డి చుబుకాన్ని, వృత్తి తెలిసినవాడి జాలితో చూశాడు. "మీకూ వస్తాది సామీ. ఓపిక పట్టండి" అన్నాడు.

గుండు మీద గంధం పూసుకుని మస్తానయ్య లేచి నిలబడితే రవణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "పెళ్ళినాటి మొగం ఇది. ఇన్నాళ్ళూ యాడ దాచినావు?" అంది. నిజంగానే ముప్పై ఏళ్ళవాడిలా ఉన్నాడు. గడ్డం ఉన్నంతకాలం వయసు కుదరలేదు, వయసు కుదిరేసరికి గడ్డం లేదు. ఆ సంగతి పెంచలరెడ్డితో అన్నాను. అతను ఒక పొట్లం బూందీ కొని, ఎవరికీ పెట్టకుండా తిన్నాడు. నాటకానికి సంతాపం అలా ముగిసిందనుకున్నాను.

తిరుగు ఆటోలో మస్తానయ్యే తల తడుముకుంటూ అన్నాడు. "సార్, గడ్డం నాదే గావాలని ఎక్కడన్నా రాసుండాదా?"

మర్రిపాడు మెట్ట: కలెక్టరుగారి సహకారం

అతను ఆలోచించింది తన మందలోని మేకల గురించి. అది విన్నా పెంచలరెడ్డి వెంటనే ఒప్పుకోలేదు. ముందు డ్రెస్సు కంపెనీ నుంచి అద్దె గడ్డం తెప్పించాడు. అది విశ్వామిత్రుడిది, తెల్లగా, బొడ్డు దాకా ఉంది. దాన్ని కత్తిరించి, తన జుట్టుకు వేసుకునే రంగే దానికీ వేశాడు. ఆరాక వంకాయ రంగులో తేలింది. శనివారం తొమ్మిదింటికి మేం మర్రిపాడు బస్సులో ఉన్నాం.

మర్రిపాడు దాటాక నేలంతా ఎర్రగా, ఎండగా, విశాలంగా ఉంటుంది. మా వైపు కంటికి ఎటు చూసినా ఏదో ఒక పచ్చటిది అడ్డం వస్తుంది. ఇక్కడ చూపు ఎక్కడా ఆగకుండా కొండ దాకా పోయి, తీరిగ్గా వెనక్కి వస్తుంది. బద్వేలు లారీలు తప్ప తొందరలో ఉన్నది ఏదీ కనబడలేదు. రవణమ్మ చెట్టు నీడన కూర్చోబెట్టి సజ్జ సంగటి, ఉలవచారు, శనక్కాయల పచ్చడి పెట్టింది. సంగటి నమలకూడదు, మింగాలి. నేను నమిలాను. మంద కాసే ముసలాయన ఒకడు నన్ను చూసి, "పాపం, పళ్ళు నొప్పేమో" అన్నాడు.

గొర్రెల మధ్య ఏడెనిమిది మేకలున్నాయి. అందులో నల్ల పోతు ఒకటి, పేరు కలెక్టరు. అందరూ కదిలాక గానీ అది కదలదట, అందుకని. దాని గడ్డం జానెడు పైన ఉంది. దాన్ని చూసి పెంచలరెడ్డి నిట్టూర్చాడు, కానీ ముట్టుకోలేదు. దెబ్బతిన్న మనిషి.

"రవణమ్మా, ఈ గడ్డం ఎవురికన్నా మొక్కినావా?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. మేమంతా ఆమె మొహమే చూస్తున్నాం.

"దీని తలకాయ పోలేరమ్మకి మొక్కినా" అంది. "గడ్డం గురించి ఏం అనుకోలా."

కలెక్టరుకు ఈ వివరాలు తెలిసినట్టు లేదు. అయినా సహకరించలేదు. మస్తానయ్య కొమ్ములు పట్టుకున్నాడు, ముసలాయన నడుము పట్టుకున్నాడు, పెంచలరెడ్డి కత్తెర పట్టుకున్నాడు. నాకు వెనక కాళ్ళు అప్పగించారు. ఎం.ఏ. చరిత్రలో దీని గురించి ఏమీ చెప్పరు. నా మోకాలి చిప్ప మీద రెండు గిట్టల గుర్తులు ఇప్పటికీ కొద్దిగా ఉన్నాయి.

మస్తానయ్య నాటకాలవాడు గనక, పలచటి గుడ్డ మీద వెంట్రుకలను జిగురుతో వరసలు వరసలుగా అంటించి, సాయంత్రానికి గడ్డం తయారుచేశాడు. పెట్టుకుని చూపిస్తే ముసలాయన దణ్ణం పెట్టాడు. వాసన సంగతి వివరంగా రాయను. పోతుమేకను ఎరిగినవారికి అక్కర్లేదు, ఎరగనివారు నమ్మరు. అంతియొకయ ప్రజలు మేకగడ్డమన్నది చూపుకు మాత్రమే. మేం వాళ్ళకంటే ఒక మెట్టు పైకెళ్ళాం.

పెంచలరెడ్డి మొహంలో మొదటిసారి రంగొచ్చింది. బస్సు కోసం రోడ్డు మీద నిలబడి, చీకటి పడకముందే నాలుగు పద్యాలూ నాకు వినిపించాడు. అందులో రెండు బాగున్నాయి. నాలుగూ బాగున్నాయని చెప్పాను.

ఉదయగిరి: ఒక్క మనిషీ రాలేదా

ఆదివారం పొద్దున కోటకొండ కింద నిలబడి పైకి చూశాను. పైదాకా ఎక్కినవాళ్ళు గొప్పగా ఉందని చెప్పారు, నేను మోకాలిని చూపించాను. ఒకప్పుడు విజయనగర రాయలు ఈ కోట గెలిచి, ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకుపోయాడంటారు. ఆ సంగతి ఇక్కడివాళ్ళు పక్కింటివాళ్ళు నిచ్చెన తీసుకెళ్ళి తిరిగివ్వనంత మామూలుగా చెబుతారు. కింద చెక్క గరిటెలు చేసే ఇంట్లో ఒకావిడ ఆకురాయితో గరిటె నునుపు చేస్తోంది. ఎనభై రూపాయలకు చేప ఆకారపు పిడి ఉన్న గరిటె కొన్నాను. తగ్గించమంటే, "అన్నా, చేప కూడా వస్తాంది గదా" అంది.

నాటకం కల్యాణ మండపంలో. మధ్యాహ్నం మూడింటికి. ముందురోజు అక్కడ పెళ్ళి జరిగింది, మర్నాడు ఇంకొకటి ఉంది. మధ్యలో ఒక పూట రోమ్‌కు ఇచ్చారు. వేదిక వెనక పూలతో రాసిన వధూవరుల పేర్ల మీద మేం తెర కట్టాం. రెండు పేర్లూ దాగాయి. మధ్యలో "వెడ్స్" అన్న మాట మాత్రం ఎంత లాగినా కిందికి దూరలేదు. అపోలో విగ్రహం నెత్తిన అది నాటకమంతా ఉంది.

జనం బాగానే వచ్చారు. కొందరు పెళ్ళనుకుని అక్షింతలతో వచ్చి, కాదని తెలిసినా కూర్చున్నారు. పాత్రధారుల్లో మస్తానయ్య కాక మిగతా నలుగురూ పెంచలరెడ్డి పాత విద్యార్థులు. అంతియొకయ పౌరులూ వాళ్ళే, రోమన్ సైన్యమూ వాళ్ళే, పర్షియా సైన్యమూ వాళ్ళే. టోపీలు మార్చుకోవాలి గనక యుద్ధం కొంచెం నిదానంగా జరిగింది. అపోలో గుడి పూజారి వేషం పెంచలరెడ్డిదే. ఒక్కటే డైలాగున్న వేషం గనక ఎవరూ ఒప్పుకోలేదు.

రెండో అంకంలో పౌరులు గడ్డాన్ని ఎగతాళి చేస్తుంటే హాలు హాలంతా నవ్వింది. పక్కకు తిరిగి చూస్తే, పెంచలరెడ్డి పూజారి వేషంలో, చంకలో కోడితో, పెదవులు కదుపుతూ ప్రతి మాటా తనూ చెబుతున్నాడు. రాసినచోట నవ్వు వచ్చినప్పుడల్లా కోడిని కొంచెం గట్టిగా పట్టుకుంటున్నాడు.

మూడో అంకం నాటకానికి ప్రాణం. ఇది నిజంగా జరిగిందంటారు. అపోలో పండగకు ఊరంతా బలులతో, పాటలతో కదిలొస్తుందని జూలియన్ ఆశపడి గుడికి వెళతాడు. వెళితే ఎవరూ లేరు. ఒక్క ముసలి పూజారి మాత్రం తన ఇంటినుంచి ఒక బాతు తెచ్చాడు. బాతు దొరక్క మేం నాటుకోడితో సరిపెట్టాం. రాతప్రతిలో అక్కడ "శూన్యం" అని ఉంది, కింద రెండు గీతలు. పెంచలరెడ్డి ఈ ఒక్క ఘట్టాన్నే పదకొండుసార్లు తిరగరాశాడు. ఇక్కడ హాలంతా చీమ చిటుక్కుమనకూడదని వారం నుంచీ అందరికీ చెబుతున్నాడు.

చక్రవర్తి గుళ్ళోకి వచ్చాడు. దేవుడి ముందు కిరీటం తీశాడు. వంగి నమస్కరించాడు. ఫ్లడ్ లైటు నేరుగా గుండు మీద పడింది.

"ఏరా మస్తానయ్యా" అంది ముందు వరసలో ఒక అవ్వ. "గుండెప్పుడు కొట్టించినావు?"

మస్తానయ్య అవ్వ వైపు తిరిగాడు. పెద్దవాళ్ళు అడిగితే జవాబు చెప్పకుండా ఉండటం అతనికి చేతకాదు. "మొన్న శుక్రారం అవ్వా. ఏఎస్ పేటలో."

"మొక్కు తీరిందా?"

"తీరింది."

"మరి చక్కెరేదిరా?"

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. మొక్కు తీర్చుకుని వచ్చినవాణ్ణి ఎక్కడ చూస్తే అక్కడ, దర్గాలో ఫాతిహా చదివించి తెచ్చిన చక్కెర అడగవచ్చు. అడిగినవాళ్ళకు లేదనకూడదు, ఆలస్యం చేయకూడదు. మూడో వరసలోంచి రవణమ్మ స్టీలు డబ్బాతో లేచింది. ఆమె తెచ్చుకునే వచ్చింది. చక్కెర గుండు కొట్టించుకున్నవాడి చేతుల మీదుగానే ఇవ్వాలట, అందుకని డబ్బా తీసుకెళ్ళి చక్రవర్తి చేతికిచ్చింది. అవ్వ మెట్లెక్కింది. ఆమె వెనక అవ్వలు, వాళ్ళ వెనక తాతలు, వాళ్ళ వెనక అక్షింతలవాళ్ళు. రోమన్ సైన్యం కూడా లోపలినుంచి వచ్చి చేయి చాపింది. ఈ సందడికి కోడి పెంచలరెడ్డి చంకలోంచి ఎగిరి, "వెడ్స్" మీద వాలింది.

నేను ప్రాంప్టర్ని. నా ధర్మం నాది. "ఏరీ నా ప్రజలు" అని అందించాను. మస్తానయ్య నోట్లో అవ్వ పెట్టిన చక్కెర ఉంది. మళ్ళీ అందించాను. మూడోసారి అతను మింగి, గొంతు సవరించుకుని, దుర్యోధనుణ్ణి పలికించే గొంతుతో హాలు దద్దరిల్లేలా పలికాడు.

"ఇంత పెద్ద దేవుడి పండక్కి ఒక్క మనిషీ రాలేదా? ఏరీ, ఏరీ నా ప్రజలు?"

"ఈడనే ఉండాం గదరా" అంది అవ్వ. "సరింగా చూడు."

హాలు పగలబడి నవ్వింది. నేను పెంచలరెడ్డి వైపు చూడలేదు. పద్దెనిమిదేళ్ళు ఒక మనిషి కట్టుకున్నది కూలుతుంటే చూడటానికి కొంత తెగువ కావాలి. అది నాకు లేదు. చూడకుండానే అతని డైలాగు అందించాను: "ఊరినుంచి ఎవరూ రాలేదు ప్రభూ. నా ఇంటినుంచి ఈ ఒక్క బాతు తెచ్చాను."

అతను అందుకోలేదు. అప్పుడు చూశాను. పెంచలరెడ్డి ఖాళీ చంక చూసుకున్నాడు. స్టేజీ నిండా నిలబడి చేతులు నాక్కుంటున్న జనాన్ని చూశాడు. పైన కోడిని చూశాడు. ఏడుస్తాడనుకున్నాను. మెల్లగా రెండడుగులు ముందుకు వేసి, చక్రవర్తికి వంగి నమస్కరించాడు.

"ప్రభూ" అన్నాడు. "ఊరంతా వచ్చింది. బాతే రాలేదు."

తర్వాత చాలాసేపు నాటకం నడవలేదు. నడవాలని కూడా ఎవరికీ లేదు. కుర్చీల్లో ఉన్నవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. చక్రవర్తి మెట్టు మీద కూలబడి గడ్డం పట్టుకుని నవ్వాడు. ఆ గడ్డం ఊడలేదు, జిగురు గట్టిది. పెంచలరెడ్డి తన డైలాగుకు తనే ఆశ్చర్యపోయినవాడిలా నా వైపు చూశాడు. అది నా చేతిలోని కాగితాల్లో లేదు.

స్టేజీ ఎక్కినవాళ్ళు దిగలేదు. "మోకాళ్ళ నొప్పులు, మళ్ళీ ఎవురు దిగేది" అని అక్కడే చతికిలబడ్డారు. చివరి అంకం వాళ్ళ మధ్యలోనే ఆడారు. పర్షియా యుద్ధంలో ఈటె తగిలి మస్తానయ్య పడిపోయినప్పుడు, అతని తల అవ్వ ఒళ్ళో ఉన్నంత దగ్గరగా పడింది. అప్పుడు మాత్రం హాల్లో చప్పుడు లేదు. పెంచలరెడ్డి వారం నుంచీ అడుగుతున్న నిశ్శబ్దం అది, ఒక అంకం ఆలస్యంగా వచ్చింది. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తెర పడ్డాక ఒక పెద్దాయన పెంచలరెడ్డిని పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు.

"అయ్యోరూ, ఆ రాజుది ఒకటే తప్పు. పండగని ముందునాడు దండోరా ఏపించలా. పిలవందే జనం ఎట్టా వస్తారు?"

పెంచలరెడ్డి ఈ విషయం మీద దొరికిన పుస్తకమల్లా చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఆ మాట ఎవురూ రాయలేదు పెదనాయనా" అన్నాడు.

"మా ఊళ్ళో ఎయ్యండి. దండోరా మేం ఏపిస్తాం."

ఆ కోడి ఆ తర్వాత ఏమైందో నేను రాయను. ఆ పూట సంగటిలోకి పులుసు మాత్రం చాలా బాగుంది. నమలకుండా మింగాను.

తిరుగు దారి

సోమవారం పొద్దున ఉదయగిరి నుంచి ఆత్మకూరు బస్సెక్కాను. పెంచలరెడ్డి నాతో రాలేదు. తెల్లవారకముందే లేచి ఎటో వెళ్ళాడని చెప్పారు. మర్రిపాడు దాటిన కాసేపటికి బస్సు ఆగింది. రోడ్డు నిండా గొర్రెలు. డ్రైవరు హారన్ కొట్టాడు. గొర్రెలకు అది అలవాటైన సంగీతం.

కిటికీలోంచి చూస్తే, మంద ముందు మస్తానయ్య, గుండుకు తువ్వాలు చుట్టుకుని, కర్ర ఎత్తి పట్టుకుని, "ఏరీ నా ప్రజలు" అని గట్టిగా వల్లిస్తున్నాడు. పక్కన పెంచలరెడ్డి, ప్యాంటు మడిచి, చెప్పుల నిండా దుమ్ముతో, చేతిలో కాగితాలు పట్టుకుని నడుస్తున్నాడు. మధుమేహం ఉన్న మనిషి, నడక మంచిదే. నన్ను చూసి కిటికీ దగ్గరకు వచ్చాడు.

"మూడో అంకం మార్చినాన్రా. జనం వస్తారు ఇప్పుడు."

"చరిత్రలో రాలేదు గదా?"

"చరిత్రలో దండోరా ఏపించలా" అన్నాడు. సంగం దగ్గర కోతలైన మళ్ళల్లో మంద కడతారట. రెండు వారాల్లో అక్కడ ఆడతారట, పక్క ఊళ్ళకు దండోరాకు మనిషిని కూడా మాట్లాడాడట. ఇంతకుముందు పద్దెనిమిదేళ్ళు ఒక నాటకానికి తీసుకున్న మనిషి, రెండో ఆటకు రెండు వారాలు చాలన్నాడు. ఆత్మకూరు దాకా ఇలాగే నడుస్తాడట. నువ్వూ దిగుతావా అన్నాడు. మోకాలు చూపించాను.

మస్తానయ్య డైలాగు మధ్యలో ఆపి, నాలిక మడిచి ఒక్క ఈల వేశాడు. ఆ మంద మొత్తం రోడ్డు వదిలి ఎడమపక్కకు జరిగింది. బస్సు కదిలింది.

"ఎవురన్నా ఆయన?" అన్నాడు డ్రైవరు, అద్దంలో వెనక్కి చూస్తూ.

"రోమ్ చక్రవర్తి."

డ్రైవరు గేరు మార్చాడు. "ఎవురైతే ఏందిలే" అన్నాడు. "చెప్తే ఇంటాండాయి."